కొండి లేని తేలు

ఎవరు ఏ ప్రశ్న అడిగినా ఈరన్న గురువుగారు ముందు ఒక గుప్పెడు బొరుగులు వాళ్ళ దోసిట్లో పోసేవారు. "తిను నాయనా. తిన్నాక అడుగు," అనేవారు. ఆయనది బొరుగుల భట్టీ. తుంగభద్ర కాలువకు దిగువన, మిరప పండే నల్లరేగడి ఊళ్ళలో గుండ్లకొండ ఒకటి. ఆ ఊరి చివర పెంకులు కప్పిన పొడుగాటి కొట్టంలో పొద్దున్నే ఊక పోసి పొయ్యి రాజేసేవారు. ఇసుక బాగా కాగాక ఉప్పు పట్టించిన బియ్యం అందులో పోసి నాలుగు తిప్పులు తిప్పితే గుప్పెడు గింజలు చేటెడు బొరుగులయ్యేవి. ఆయన పని చేస్తూనే తత్వాలు పాడేవారు, పాడుతూ పాడుతూ ఆగి రెండు మాటలు చెప్పేవారు. మఠం లేదు, పీఠం లేదు. మేము ఓ పదిహేనుమందిమి గోనెసంచులు పరుచుకుని కూర్చునేవాళ్ళం. మా ప్రశ్నలు చాలావరకు బొరుగులతోపాటే నమిలి మింగేసేవాళ్ళం. ఏం అడగాలని వచ్చారో మరిచిపోయి, చేతులు దులుపుకుని లేచి వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు. "మరిచిపోయినావంటే అది నీ ప్రశ్న కాదులే," అని గురువుగారు నవ్వేవారు. అప్పట్లో నేనూ నవ్వాను. ఈమధ్య ఆ మాట గుర్తొస్తే అంత సులువుగా నవ్వు రావడం లేదు. అందుకే ఈ సంగతి గుర్తున్నప్పుడే రాసి పెడుతున్నాను.

సుంకన్న ప్రశ్న మాత్రం బొరుగులు అయిపోయినా మిగిలింది.

సుంకన్న బోరు మోటార్లకు వైండింగ్ చేసేవాడు. ఇరవై ఆరేళ్ళవాడు. కుడిచేత తంబూర మీటుతూ, ఎడమచేత చిడతలు ఎత్తి పాడాడంటే పొయ్యిలో ఊక కూడా చప్పుడు చేయకుండా మండుతున్నట్టు ఉండేది. గురువుగారి గురువుకు ప్రతి మాఘంలోనూ ఆరాధన జరిపేవాళ్ళం. ఆ రోజు మొదటి పాట సుంకన్నదే. అలాంటిది ఆ ఏడు, ఆరాధన తొమ్మిది రోజులు ఉందనగా, వాడు తంబూర ముట్టుకోవడం మానేశాడు. మణికట్టు బెణికిందన్నాడు. పొయ్యి పక్కన మేమందరం చెమటలు కారుతూ విసనకర్రలు వెతుక్కుంటుంటే, వాడు నిండు చేతుల చొక్కా వేసుకుని మణికట్టు దగ్గర గుండీ కూడా పెట్టుకుని కూర్చునేవాడు.

జరిగిందేమిటంటే, అంతకు నెల ముందు పక్క ఊరి రథోత్సవానికి వెళ్ళాడు. అక్కడ మిషనుతో పచ్చబొట్లు వేసే మనిషి ఒకడు గుడారం వేసుకుని కూర్చున్నాడు. కుర్రవాళ్ళు వరసకట్టి పేర్లూ పులులూ వేయించుకుంటున్నారు. సుంకన్నకు గురువు మీద ప్రేమ ఉప్పొంగింది. పేరెందుకు, రూపమే వేయించుకుందామనుకున్నాడు. ఫోనులో గురువుగారి ఫొటో ఒకటి ఉంది. భట్టీ పొగలో కళ్ళు చికిలించి తీయించుకున్నది. అది చూపించి ఎడమచెయ్యి చాచాడు. ఆ మనిషి మొదట చెవి వేశాడు. చెవి పూర్తయ్యేసరికే ఇది గురువుగారి చెవి కాదని సుంకన్నకు తెలిసిపోయింది. కానీ ఒక్క చెవి వేయించుకుని లేచి రాలేడు కదా. పళ్ళు బిగించి రెండు గంటలు కూర్చున్నాడు. చివరికి మోచేతికీ మణికట్టుకూ మధ్య ఒక ముసలాయన తయారయ్యాడు. పెద్ద పెద్ద చెవులు, వాలిన మీసాలు. ఒక కన్ను సగం మూసి, ఇప్పుడో ఇంకాసేపటికో తుమ్మబోతున్నట్టున్నాడు.

ఆ రోజు నుంచి సుంకన్నకు తిండి సరిగా లేదు. వాపు తగ్గితే పోలిక వస్తుందనుకున్నాడు. వాపు తగ్గింది, పోలిక రాలేదు. పళ్ళపేస్టు రాశాడు, సున్నం రాశాడు, బొప్పాయి పాలు రాశాడు. ముసలాయన మరింత నిగనిగలాడాడు. పనిలో చొక్కా చెయ్యి కాస్త పైకి జరిగినప్పుడు చూసి, షాపుకు మోటారు తెచ్చిన ఒకాయన, "మా రేషన్ డీలరును వేయించుకున్నావేమప్పా, అంత మంచివాడా?" అన్నాడు. గురువును ఎగతాళి పాలు చేశానే అని వాడి బాధ. దానికి తోడు ఆ వారమే గురువుగారు ఏదో మాటల్లో, "గురువును నెత్తికెత్తుకోవద్దు నాయనా, మెడ నొప్పి పుడుతుంది. పక్కన కూర్చోబెట్టుకోండి, చాలు," అన్నారు. మేమందరం నవ్వాం. సుంకన్నకు అది తన మీద వేసిన దెబ్బలాగే తగిలింది. గురువు ఎక్కడ కూర్చోబెట్టుకోమన్నారు, తాను ఎక్కడ పొడిపించుకున్నాడు!

ఆ పొద్దు వచ్చి గోనెసంచి మీద కూర్చోకుండానే అడిగాడు. "స్వామీ, చేసినదాన్ని చేయనట్టు చేసుకునేదానికి ఏమన్నా దారి ఉందా?"

గురువుగారు గుప్పెడు బొరుగులు పోశారు. సుంకన్న తిన్నాడు. ఇంకో గుప్పెడు పోశారు. అవీ తిన్నాడు. తిని, "ఉందా స్వామీ?" అన్నాడు.

"ఏం చేసినావప్పా?"

"అది చెప్పలేను."

"చెప్పకుంటే ఎట్ల? చేయనట్టు చేసుకోవాలంటే, ఏం చేసినావో తెలియాల గదా. సరే, ఈ జల్లెడ పట్టు. బొరుగులు మాడిపోతాయి."

సుంకన్న జల్లెడ పట్టాడు. గురువుగారు బాణలిలోంచి తోడి పోస్తుంటే వేడి ఇసుక కిందికి రాలి, తెల్లటి బొరుగులు పైన మిగులుతున్నాయి. "చొక్కా పైకి మడువు, ఇసుక పడుతుంది," అన్నారు. "పర్వాలేదు స్వామీ," అన్నాడు. రెండో తోడుకే చిటికెడు ఇసుక చిట్లి వాడి గుండీ సందులోంచి చేతిలోకి పోయింది. "అమ్మో!" అని జల్లెడ వదిలేసి, గంతులు వేస్తూ గుండీ ఊడదీసి, చొక్కా చెయ్యి మోచేతి పైదాకా లాగేసుకున్నాడు. నెలరోజులుగా చీకట్లో ఉన్న ముసలాయన ఒక్కసారిగా మా అందరి ముందుకూ వచ్చాడు.

మాలో మద్దిలేటి అని ఒకాయన ఉండేవాడు, నోరు ఊరుకోదు. "మా పెద్దబావ మాదిరున్నాడే!" అన్నాడు. ఇంకొకరు కాదు, పాత సర్పంచి అన్నారు. నాకు మాత్రం మా ఊళ్ళో వెనకటి పోస్టుమాస్టరు గుర్తొచ్చాడు. పైకి అనలేదు. గురువుగారు సుంకన్న మణికట్టు పట్టుకుని పొయ్యి వెలుతురు వైపు తిప్పి, తీరిగ్గా చూశారు.

"ఎవరప్పా ఈ ముసలాయన? పాపం, మంచోడి మాదిరే ఉన్నాడు."

సుంకన్న కళ్ళు నేలకు దించుకుని అన్నాడు. "మీరే స్వామీ."

గురువుగారు రెండు చేతులతో తన చెవులు తడుముకుని చూసుకున్నారు. ఆ తడుముకోవడం చూశాక ఇక ఎవరి వల్లా కాలేదు. ముందు నవ్వింది ఆయనే. దగ్గు వచ్చేదాకా, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వారు. మద్దిలేటి గోనెసంచి మీద వెల్లకిలా పడిపోయాడు.

సుంకన్న నవ్వలేదు. "నవ్వండి స్వామీ, ఈ ఒక్క పూటే. రేపటికి ఇది ఉండదు," అని ప్యాంటు జేబులోంచి గుడ్డ చుట్టిన చిన్న సీసా తీశాడు. బ్యాటరీలలో పోసే యాసిడ్. తోలు పోయినా సరే, పచ్చబొట్టు పోతే చాలునని వాడి లెక్క. కొట్టంలో నవ్వు టక్కున ఆగిపోయింది.

గురువుగారు చెయ్యి చాచారు. "అది ఇట్లియ్యి. జేబులో పగిలిందంటే నన్ను వదిలేసి నీ తొడను కాలుస్తుంది." సీసా తీసుకుని, మూత బిగించి, తన సంచిలో నిలువుగా పెట్టుకున్నారు. "కాల్చుకుందువులే, చెయ్యి నీది. నేను వద్దనను. కాకుంటే ఈ బొరుగుల మూట హుసేనమ్మక్క ఇంటికి చేర్చాల. నాకు నడుం పట్టింది. రెండు చేతులూ బాగున్నప్పుడే నా వెంట వచ్చి మోసిపెట్టు."

నేను వాళ్ళ వెంట వెళ్ళలేదు. తర్వాత జరిగింది సుంకన్న చెప్పగా విన్నాను, ఆపైన హుసేనమ్మ చెప్పగా విన్నాను. ఇద్దరి మాటా కలవని చోట సుంకన్న మాటే తీసుకున్నాను. హుసేనమ్మ చెప్పినప్పుడల్లా కొంచెం మారేది మరి.

హుసేనమ్మకు ఎనభై దాటాయి. పీర్ల పండుగ నాడు పుట్టిందని ఇంట్లో ఆ పేరు పెట్టారు. మిరపకాయలు ఎండబోసే కళ్ళాల పక్కన ఆమె ఇల్లు. ఆ చుట్టుపక్కల ఏ ఊళ్ళో ఎవరికి తేలు కుట్టినా ఆమె అరుగు మీదికి తెచ్చేవాళ్ళు. ఆమె మంత్రం వేస్తుందని కొందరు, చెయ్యి వేస్తే చాలని కొందరు అనేవారు. చొక్కా చెయ్యి దించి మళ్ళీ గుండీ పెట్టుకుని వచ్చిన సుంకన్న మూట దించి నిలబడగానే, "నువ్వెవరి కొడుకువి నాయనా?" అంది. చెప్పాడు. మంచినీళ్ళిచ్చి, "ఇంతకీ ఎవరి కొడుకువి?" అంది. మళ్ళీ చెప్పాడు. "ఇంకోసారి అడిగినా చెప్పు, విసుక్కోవద్దు," అంది నవ్వుతూ. "పేర్లు నా కాడ నిలబడటంలే. వచ్చినట్టే వచ్చి గడప దాటి పోతాండాయి."

సరిగ్గా అప్పుడే కళ్ళంలోంచి కేకలు వినిపించాయి. ఇద్దరు కూలి ఆడవాళ్ళు మూడో ఆమెను చెరో రెక్కా పట్టుకుని నడిపించుకొస్తున్నారు. ఆమె పేరు మారెక్క, ముప్పై ఏళ్ళుంటాయి. మిరపకాయలు కుప్ప చేయడానికి కింద పరిచిన పట్టా ఎత్తబోతే దాని కింద తేలు ఉంది. వేలి మీద కుట్టింది. "చచ్చిపోతానవ్వా! చెయ్యి కాలిపోతాంది!" అని అరుస్తోంది.

"ఆటోకు ఫోన్ చేసినారా?" అంది హుసేనమ్మ మొట్టమొదట.

"చేసినాం. అరగంట పడుతుందంట."

"పడనీ. ఆసుపత్రికి పోవాల్సిందే. సూది మందు ఆడుంది. అంతదాకా నా కాడ కూచో తల్లీ." తడిగుడ్డ తెప్పించి వేలికి చుట్టింది. నోట్లో నీళ్ళు ఊరుతున్నాయా, గుండె దడదడలాడుతోందా, ఊపిరి ఆడుతోందా అని అడిగింది. అవేమీ లేవు, మంట ఒకటే. "మంట ఉంటుంది. దాని పని అది చేసింది, మన పని మనం చేద్దాం," అని, మారెక్క ముంజేతి కింద తన ముంజెయ్యి పెట్టి పట్టుకుంది. అప్పుడు చూశాడు సుంకన్న. ముడతలు పడిన ఆ చేతి మీద, వెలిసి ఆకుపచ్చగా మారిన తేలు పచ్చబొట్టు ఉంది.

"పొద్దున ఏం తిన్నావు, చెప్పు," అంది హుసేనమ్మ.

"జొన్నరొట్టె... అబ్బా... చెనిక్కాయల పొడి..."

"రొట్టె నువ్వు చేసినావా, మీ అత్త చేసిందా?"

"నేనే. మా అత్త కూచుని తింటుంది."

"ఆ! చెప్పు, చెప్పు మీ అత్త సంగతి." అదీ ఆమె వైద్యం. మనిషిని మంట దగ్గర నుంచి పక్కకు పిలిచి మాటల్లో పెట్టడం. అరవై ఏళ్ళుగా అదే పని. కానీ ఆ రోజు కొంచెం సేపటికే, "పొద్దున ఏం తిన్నావు తల్లీ?" అంది. మారెక్క చెప్పింది. మరికాసేపటికి మళ్ళీ, "పొద్దున ఏం తిన్నావు?" అంది. "చెప్పినా గదవ్వా, ఎన్నిమార్లు చెప్పాల!" అని మారెక్క భోరున ఏడ్చేసింది. మంట మళ్ళీ ఆమెను పట్టుకుంది. హుసేనమ్మ చెయ్యి వదలలేదు గానీ, ముఖం చిన్నబోయింది. "ఈరన్నా, నాకు మాట తప్పిపోతాంది. మీలో ఎవరన్నా అందుకోండి," అంది మెల్లగా.

గురువుగారు సుంకన్న వంక చూశారు. సుంకన్న ఏం చేయాలో తెలియక, తడిగుడ్డ మార్చడానికి ముందుకు వంగాడు. అంతలో మంట ఒక్క అల ఎగసినట్టు వచ్చింది కాబోలు, మారెక్క మంచి చేత్తో వాడి ఎడమచెయ్యి గట్టిగా పట్టుకుని గుంజింది. గుండీ తెగి ఎక్కడో పడింది. చొక్కా చెయ్యి పైకి జరిగింది.

మారెక్క ఏడుస్తూనే చూసింది. ముక్కు ఎగబీల్చి మళ్ళీ చూసింది.

"ఈడెవరన్నా?" అంది.

సుంకన్న చొక్కా చెయ్యి కిందికి లాక్కోబోయాడు, ఆమె వదల్లేదు.

"మా మేనమామ మాదిరుండాడు," అంది. "కాదులే, మా మామకు ఇంతింత చెవుల్లేవు."

"చెవులు కావే, మీసాలు చూడు," అంది తోడొచ్చిన ఆమె. "మిరపకాయల తూకం వేసే ఆయన కాదూ?"

"థూ! ఆయన ముఖం ఎవరన్నా చేతి మీద వేయించుకుంటారా? అబ్బబ్బా... కాదు, ఈడు మంచోడు. ఈడికి తుమ్ము వస్తాంది, చూడు! తుమ్మలేకపోతాండాడు!" అని మారెక్క నవ్వింది. నవ్వితే వేలు సలిపింది, "అమ్మా!" అంది, మళ్ళీ నవ్వింది. వాడి చెయ్యి ఇటు తిప్పి అటు తిప్పి చూస్తోంది. హుసేనమ్మ కూడా వంగి చూసి, "మా పెండ్లికి డోలు కొట్టినాయన," అని తేల్చి చెప్పింది. కాసేపయ్యాక మళ్ళీ వంగి చూసి, "ఈయనెవరు, మా పెండ్లికి డోలు కొట్టినాయన కాదూ?" అని కొత్తగా కనిపెట్టినట్టు అడిగింది. ఈసారి ఎవరూ విసుక్కోలేదు. ఆ ప్రశ్నను ఎన్నిసార్లయినా అడగవచ్చు మరి.

గురువుగారు గొంతు సవరించుకుని, "నా మాదిరి లేడామ్మా?" అన్నారు.

మారెక్క తడి కళ్ళతో ఆయన్ని ఎగాదిగా చూసింది. "నీ మాదిరా? యాడ తాతా! నువ్వు ఇంతకంటే బాగుండావులే," అంది. తోడొచ్చిన ఇద్దరూ కొంగులు నోట్లో కుక్కుకున్నారు. సుంకన్నకు కూడా, నెలరోజుల తర్వాత మొదటిసారి, నవ్వు వచ్చింది. ఆపుకుందామని చూశాడు గానీ, ముక్కులోంచి వచ్చేసింది.

ఆటో వచ్చింది. మారెక్కను ఎక్కించారు. మంట పోలేదు, కానీ ఆమె చచ్చిపోతాననడం మాత్రం మానేసింది. ఆటో కదిలి మలుపు తిరగబోతుండగా తల బయటపెట్టి, "అన్నా! మా ఊరి పాలాయన! పాలాయనే!" అని అరిచింది. సాయంత్రానికల్లా సూది వేయించుకుని క్షేమంగా ఇల్లు చేరిందని తర్వాత కబురొచ్చింది.

అరుగు మీద ముగ్గురే మిగిలారు. గురువుగారు సంచిలోంచి సీసా తీసి సుంకన్న ముందు పెట్టారు. "ఇదిగో నీ సీసా. మరిచిపోయేవు."

"ఏంది ఈరన్నా అది?" అంది హుసేనమ్మ.

"పచ్చబొట్టు చెరిపే మందంట అక్కా."

హుసేనమ్మ సుంకన్న ముఖం చూసింది, వాడి చెయ్యి చూసింది, సీసా చూసింది. పకపకా నవ్వి తన చెయ్యి వాడి ఒళ్ళో పెట్టింది. "చూడు నాయనా, బాగా చూడు. దీనికి ఏం తక్కువైంది?"

సుంకన్న చూశాడు. డెక్కలున్నాయి, కాళ్ళున్నాయి, తోక ఉంది. తోక కొసన ఉండాల్సిన చోట, రూపాయి బిళ్ళంత మేర, తోలు ముడుచుకుపోయి తెల్లటి మచ్చ ఉంది. "కొండి లేదవ్వా," అన్నాడు.

"పదకొండేళ్ళప్పుడు మా అమ్మ తులసికోట పొడిపించమనింది. పచ్చబొట్లామె కోట మొదలుపెట్టింది. రెండు గీతలు పడంగనే నేను చెయ్యి గుంజుకుంటి. సూది ఇంత పొడుగున గీరింది. మళ్ళా గుంజుకుంటి. ఆమె చూసింది, చూసింది. 'అమ్మీ, నీ కోట పోయింది, ఇంక దీనికి తేలే గతి' అని కాళ్ళు పెట్టేసింది. కాపరానికి పోతే మా అత్త నన్ను పేరు పెట్టి పిలిస్తే ఒట్టు. తేలు కోడలా, నీళ్ళు తే. తేలు కోడలా, అన్నం పెట్టు. నా చేత్తో పెడితే ముద్ద దిగదంట. నాకు రోషమొచ్చింది. నల్లజీడి రసం పూసి గరుకు రాయితో రుద్దినా, తోక కొస నుంచి మొదలుపెట్టి. చెయ్యి బూరెలాగ ఉబ్బింది. చీము పట్టి పదైదు దినాలు జ్వరంలో పడుంటి. పోయింది ఈ కొండి ఒక్కటే. తేలు తేలే."

"తర్వాత?"

"తర్వాతేముంది, ఆ యేడు గడ్డివామి కాడ మా అత్తకే తేలు కుట్టింది. అప్పుడు ఆసుపత్రులు యాడుండాయి? ఎవరో అన్నారు, 'కోడలి చేతి మీద కొండి లేని తేలుంది గదా, ఆ చేత్తో పట్టిస్తే విషం దిగుతుంది' అని. మా అత్త చెయ్యి చాచింది. నా పేరు పెట్టి పిలిచింది నాయనా, హుసేనమ్మా, పట్టుకోవే అని. నాకు మంత్రం తెలుసా, మందు తెలుసా? ఏం చేయాలో తోచక పట్టుకుంటి. ఆమె నన్ను తిడతా ఉంది, నేను ఏడుస్తా ఉన్నా. తిట్టీ తిట్టీ ఆమెకు మంట మరుపొచ్చింది. ఆ పొద్దు నుంచి వస్తానే ఉండారు. రావద్దని ఎట్ల చెప్పేది? పట్టుకుంటానే ఉన్నా."

సుంకన్న ఆ తెల్లమచ్చ మీద వేలు పెట్టి నెమ్మదిగా తడిమాడు. "కొండి వరకే చెరపాలని నీకెట్ల తెలిసిందవ్వా?"

"తెలియడమేంది నా తలకాయ! మంట తట్టుకోలేక ఆపేసినా," అంది హుసేనమ్మ. "తట్టుకునేదాన్నయితే అంతా గీకేసేదాన్ని. అప్పుడు అంత పెద్ద మచ్చ మిగిలేది. దాన్ని చూసి ఎవరొస్తారు?" కొంచెం సేపు తన చేతి వంకే చూసుకుంది. "పేర్లు పోతాండాయి. ఇది మాత్రం యాడికీ పోలే. దీన్ని చూసుకుంటే ఎవరెవరి చేతులు పట్టుకున్నానో లీలగా గుర్తొస్తాయి." తర్వాత తలెత్తి, మర్యాదగా అడిగింది. "ఇంతకీ నువ్వెవరి కొడుకువి నాయనా?"

సుంకన్న మళ్ళీ చెప్పాడు.

తిరుగుదారిలో ఇద్దరూ కాలువ గట్టు మీద నడిచి వస్తున్నారు. గుండీ తెగిన చొక్కా చెయ్యి గాలికి ఎగురుతోంది. సుంకన్న దాన్ని దించుకోలేదు, పైకి మడుచుకోనూ లేదు. సీసాను ఇప్పుడు తానే జాగ్రత్తగా చేత్తో పట్టుకుని నడుస్తున్నాడు. మర్నాడు దాన్ని అది ఉండాల్సిన చోటే, షాపులోని పాత బ్యాటరీలో పోశాడని తర్వాత తెలిసింది. భట్టీ కొట్టం కనబడే దూరానికి వచ్చాక ఆగి అన్నాడు. "స్వామీ, పొద్దున అడిగినదానికి మీరు జవాబు చెప్పలేదు. దీన్ని ఇట్లనే ఉంచుకోమంటారా?"

గురువుగారు సంచి అడుగున చెయ్యి పెట్టి వెతికి, మిగిలిన నాలుగు బొరుగులు వాడి ఖాళీ చేతిలో రాల్చారు. వాడు నమిలేదాకా ఆగారు. ఆ తర్వాత వాడి ఎడమచెయ్యి అందుకుని, మధ్యాహ్నపు వెలుతురులో ఆ ముఖాన్ని ఇంకోసారి పరీక్షగా చూశారు.

"ఆరాధనకు చిడతలు కొంచెం పైకెత్తి కొట్టప్పా," అన్నారు. "అందరూ చూడనీ. ఈ ముసలాయన ఎవరో నేనూ కనుక్కోవాల."